దస్తావేజులో పడమర హద్దు "రైలు కట్ట" అని ఉంది. 1958లో మా ఊరికి రైలెక్కడిది?

పడమటి_హద్దు

మాది ద్రాక్షారామం, కుందూరు మధ్యలో చిన్న ఊరు. పేరు చెబితే మా వీధి మొత్తానికి తెలిసిపోద్ది, వదిలేయండి. మా తాత 1958లో కొన్న చేను దస్తావేజు మొన్న ట్రంకుపెట్టెలోంచి తీశాం. ఎకరం పన్నెండు సెంట్లు. హద్దులు రాసిన చోట తూర్పున ఫలానా వారి చేను, దక్షిణం బోదె, ఉత్తరం పుంత, పడమర రైలు కట్ట అని ఉంది.

నాకు తెలిసి మా ఊరికి రైలొచ్చింది 2004లో. ఒక్క పెట్టె రైలుబస్సు. నేనప్పుడు తొమ్మిదో తరగతి, దండలేసి కొబ్బరికాయలు కొట్టడం నా కళ్ళతో చూశా. మరి 1958లో రైలు కట్ట ఎలా వచ్చింది? మా బావైతే ఇది దొంగ దస్తావేజు, 2004 తర్వాత ఎవడో పాత స్టాంపు కాయితం సంపాదించి రాసిందే అంటున్నాడు.

అసలు గొడవ ఏంటంటే రీసర్వేలో మా చేను ఎకరం రెండు సెంట్లే తేలింది. పది సెంట్లు గాల్లో కలిసిపోయాయి. తూర్పు పక్క రైతు గట్టు జరిపాడని మా అనుమానం. రెండేళ్ళుగా ఆయనకీ మాకూ మాటల్లేవు. ఇప్పుడు దస్తావేజే దొంగదైతే ఇక ఏ మొహం పెట్టుకుని అడగను?

కోటిపల్లి_రేవు

మీ బావగారికి నా తరఫున ఓ దణ్ణం పెట్టండి. కాకినాడ నుంచి కోటిపల్లికి 1928లోనే రైలు వేశారు. 45 కిలోమీటర్లు. 1940లో పట్టాలు పీకేశారు. మళ్ళీ 2004లో వేశారు. మధ్యలో అరవై నాలుగేళ్ళు రైలు లేదు, కట్ట ఉంది. దస్తావేజు రాసినాయన ఎదురుగా ఏం కనబడితే అదే రాశాడు.

పడమటి_హద్దు

పన్నెండేళ్ళు తిరిగి ఆగిపోయిందా? మా ఇంట్లో ఒక్కరూ చెప్పలేదే!

కాజా_పాకం

అడిగారా మరి? మన ఇళ్ళల్లో అడక్కుండా ఎవరూ ఏదీ చెప్పరు. అప్పులు తప్ప.

పడమటి_హద్దు

నాన్నమ్మ ఉంది, తొంభై రెండు. చెవులు కాస్త మందం. సాయంత్రం అడుగుతా.

వేళంగి_కుర్రోడు

మా ఊళ్ళో కూడా అంతే. మా నాన్న చిన్నప్పుడు "రైలు కట్ట మీద నుంచి బడికి పోయేవాళ్ళం" అనేవాడు. రైలు చూశావా అంటే, లేదు, రైలు రాజమండ్రిలో చూశా అనేవాడు. కట్ట మా ఊళ్ళో, రైలు రాజమండ్రిలో.

బెజవాడ_పాసింజరు

నేను విన్నది వేరే. జపానువాడు కాకినాడ మీద బాంబులు వేశాడు కదా, వాడు దిగితే రైలెక్కి లోపలికి వచ్చేస్తాడని భయపడి తెల్లోళ్ళే పట్టాలు పీకించారట. మా మేనమామ చెప్పేవాడు, రైల్వేలో గార్డుగా చేశాడు ఆయన.

కోటిపల్లి_రేవు

మేనమామగారి మీద గౌరవం ఉంచుతూనే చెబుతున్నా, తేదీలు కుదరవండి. కాకినాడ మీద, విశాఖ మీద బాంబులు పడింది 1942 ఏప్రిల్ 6న. జపాను రెండో ప్రపంచ యుద్ధంలోకి దిగిందే 1941 డిసెంబరులో. మన పట్టాలు లేచింది 1940లో. రాబోయే దొంగ కోసం ఏడాది ముందే ఇంటి మెట్లు పీకేసుకుంటామా? యుద్ధానికి ఇనుము కావాలి. దేశమంతా పెద్దగా రాబడి లేని కొమ్మ లైన్లు చూసి పీకేశారు, ఆ లెక్కలో మనదీ పోయింది.

బెజవాడ_పాసింజరు

అయితే మా మావయ్య అబద్ధం చెప్పాడంటారా?

కోటిపల్లి_రేవు

అబద్ధం అనను. బాంబు జనానికి బాగా గుర్తుంది. పట్టాలు పోవడమూ గుర్తుంది. కాలం గడిచాక రెండూ ఒక కథ అయిపోయాయి. మా ఊళ్ళో కూడా చాలామంది ఇలాగే చెబుతారు.

డెల్టా_పంతులు

రాబడి లేకపోవడానికి కారణం కూడా చెప్పుకోవాలి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట అయ్యాక కాలవల్లో పడవలు ఊరి గుమ్మం దాకా వచ్చేవి. ధాన్యం బస్తాలు కళ్ళంలోంచి బండి మీద కాలవ గట్టుకి, అక్కణ్ణించి పడవలో కాకినాడకి. కాటన్ దొర తానే రైళ్ళకంటే కాలవలే మేలని ఇంగ్లండులో వాదించి అందరితో మాటలు పడ్డవాడు. ఆయన తవ్వించిన కాలవల మధ్యకి రైలు వచ్చి బతకాలంటే కష్టమే. దానికితోడు బస్సులు.

కాజా_పాకం

అంటే కాటన్ దొర పోయాక కూడా పంతం నెగ్గించుకున్నాడన్నమాట.

గొలుసు_లింకు

నేను సర్వే శాఖలో చేసి రిటైరయ్యాను. పడమటి_హద్దు గారూ, మీ పది సెంట్ల సంగతి మీరు చెప్పిన నాలుగు ముక్కల్లోనే ఉందని నా అనుమానం. తూర్పు రైతుతో పోట్లాట కాసేపు ఆపి ఈ కిందివి చూడండి.

ఒకటి, దస్తావేజులో సర్వే నంబరు ఎలా రాశారు? బై నంబరు ఉందా, ఒట్టి నంబరేనా? రెండు, ఇప్పటి అడంగల్‌లో, అంటే ఊరి భూముల రికార్డులో, ఎలా ఉంది? మూడు, చేను పడమర పక్క, కట్ట మొదట్లో, నేల మిగతా చేను కంటే పల్లంగా ఉంటుందా? వానాకాలం నీళ్ళు ముందుగా అక్కడే నిలుస్తాయా? మూడోదానికి ముందు జవాబు చెప్పండి.

పడమటి_హద్దు

సార్, మీరు మా చేను చూశారా ఏంటి? పడమర వార పల్లమే. సార్వాలో అక్కడ ఊడ్పు రెండుసార్లు వేయాలి, మొదటిది కుళ్ళిపోద్ది. మా నాన్న ఆ ముక్కని "గుంట మడి" అంటాడు. దస్తావేజులో 118 అని ఒట్టి నంబరే ఉంది. ఇప్పుడు అడంగల్‌లో 118/1.

గొలుసు_లింకు

118/1 అంటే 118/2 ఎక్కడో ఉంది. ఎవరి పేరు మీద ఉందో చూశారా?

పడమటి_హద్దు

చూడలేదు సార్.

గొలుసు_లింకు

చూడండి. ఈలోపు అందరికీ పనికొచ్చే మాట ఒకటి చెబుతా. ఆరేడడుగుల ఎత్తు కట్ట పోయాలంటే మట్టి ఎక్కణ్ణించి వస్తుంది? 1928లో టిప్పర్లు లేవు. కట్టకి రెండు పక్కలా తవ్వి, గంపల్లో ఎత్తి, కూలోళ్ళు నెత్తిన మోసి పోశారు. ఏ పాత రైలు దారి చూసినా కట్ట పక్కన వరసగా గుంటలు కనబడతాయి, మధ్యమధ్యలో తవ్వకుండా వదిలిన అడ్డగట్లతో. ఆ గుంటలు తవ్విన నేలని కూడా కట్టతోపాటే రైల్వేకని సేకరించారు. కాబట్టి రైల్వే హద్దు కట్ట మొదలు దగ్గర ఆగదు, గుంట అవతలి ఒడ్డున ఉంటుంది.

పట్టాలు పీకాక ఏమైంది? హద్దు రాళ్ళు కొన్ని భూమిలోకి దిగిపోయాయి, కొన్ని బట్టలుతికే బండలయ్యాయి. గుంటలు పూడాయి. పక్క రైతు పూడిన గుంటని దున్నుకున్నాడు. పాతికేళ్ళకి అది ఆయన చేనే. అమ్మేటప్పుడు దస్తావేజు రాసేవాడు గట్టు మీద నిలబడి "పడమర ఏముందయ్యా" అంటే "రైలు కట్టండి" అన్నారు. అలాగే రాశాడు. కొలిచింది కట్ట మొదలు దాకా. అందుకే మీ తాతగారి కాయితంలో ఎకరం పన్నెండు. ఇప్పుడు రోవర్ (ఉపగ్రహాల సాయంతో కొలిచే యంత్రం) పెట్టి కొలిచినవాళ్ళు రికార్డు ప్రకారం రైల్వే హద్దు దగ్గర ఆగారు. అందుకే ఎకరం రెండు.

ఇది ఊహ. 118/2 చూశాక ఖాయం చేసుకుందాం.

వేళంగి_కుర్రోడు

అయ్యబాబోయ్ రైలు గుంటలు! మేం కొర్రమీలు పట్టింది వాటిలోనే. ఎండాకాలం నీళ్ళు మోకాలి లోతుకి దిగాక, అడుగు లేని గంప ఒకటి పట్టుకుని బురదలో బోర్లించుకుంటూ పోయేవాళ్ళం. గంపలో ఏదో కొట్టుకున్నట్టు తగిలితే పైనుంచి చెయ్యి పెట్టి పట్టుకోవడమే. ఓసారి మా అన్నకి చేతికి తగిలింది చేప కాదు, నీరుకట్టు. వాడు గంప వదిలి కట్టెక్కి, కట్ట దిగి, అవతలి గుంటలో పడ్డాడు.

కాజా_పాకం

రెండు పక్కలా గుంటలు ఎందుకు తవ్వారో ఇప్పుడు అర్థమైంది.

లాయరుగారి_బామ్మర్ది

ఇంత గొడవెందుకు? పన్నెండేళ్ళు అనుభవంలో ఉంటే భూమి మనదే. 1958 నుంచి దున్నుతున్నారు. కేసు వేయండి, గెలుస్తారు.

గొలుసు_లింకు

బామ్మర్ది గారూ, పన్నెండేళ్ళ లెక్క ప్రైవేటు వాళ్ళ మధ్య. సర్కారు భూమికి 1963 లిమిటేషన్ చట్టంలో ముప్ఫై ఏళ్ళు. అంతకుముందు చట్టంలో అరవై. పైగా ఊరికే దున్నుకున్నానంటే చాలదు, ఇది నాదని అసలు యజమానికి ఎదురునిలిచి అనుభవించినట్టు చూపించాలి. పట్టాలే లేని చోట రైల్వేకి ఎదురునిలిచానని ఎలా రుజువు చేస్తారు? మీ బావగారినే ఓసారి అడగండి.

లాయరుగారి_బామ్మర్ది

అడిగాను. మీరన్నదే నిజమట. నన్ను ఇక్కడ సలహాలు ఇవ్వొద్దన్నాడు.

కరప_కోడలు

నవ్వులాట కాదండి, ఈ కట్ట వల్ల మా అత్తగారింట్లో పెళ్ళే ఆగబోయింది. ఆడపడుచు కట్నానికని కట్ట పక్క స్థలం అమ్మబోతే రిజిస్ట్రారు ఆఫీసులో నంబరు 22-ఎ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చెయ్యకూడని భూముల జాబితాలో, ఉందన్నారు. మావయ్యగారు పుట్టినప్పటి నుంచి ఆ స్థలంలో గడ్డిమేటు ఉంది. అమ్మకం మాత్రం కుదర్లేదు. ఆఖరికి ఊళ్ళో కొబ్బరితోట తాకట్టు పెట్టారు. కట్ట దగ్గర స్థలాలున్నవాళ్ళు ముందు ఆ జాబితా చూసుకోండి, పెళ్ళి ముహూర్తాలు తర్వాత పెట్టుకోండి.

పడమటి_హద్దు

నాన్నమ్మని అడిగా. నా బతుక్కి ఈ సాయంత్రం చాలు. ఆవిడ ఆ రైలెక్కింది!

ఏడేళ్ళో ఎనిమిదేళ్ళో ఉంటాయట. వాళ్ళ నాన్నతో కాకినాడ వెళ్ళింది, చెవులు కుట్టించడానికి. వాళ్ళ నాన్న తన వెంట పనసకాయ ఒకటి మోసుకొచ్చాడు, కాకినాడలో చుట్టాలింటికి. కిటికీలోంచి తల పెట్టొద్దంటే పెట్టింది, కంట్లో బొగ్గు నలుసు పడింది. ఏడుపు. పక్కన కూర్చున్న ఎవరో ముసలావిడ చీర కొంగు ఉండ చుట్టి, నోటితో ఆవిరి ఊది, కంటికి కాపడం పెట్టిందట. "చెవులు కుట్టించుకున్న నొప్పి గుర్తు లేదురా, ఆ కన్ను మంట గుర్తుంది" అంది.

ఇన్నాళ్ళూ చెప్పలేదేం అంటే "మీరు రైలు రైలని సంబరపడుతుంటే చెప్పబోయాను, ఎవరు విన్నారు" అంది. 2004లో రైలుబస్సు చూపించడానికి తీసుకెళ్తే "ఇది రైలేంటి, పొగేదీ" అందని మా నాన్న ఇప్పటికీ నవ్వుతాడు. మేం అప్పుడు ఆవిడకి సినిమాల్లో చూసిన గుర్తనుకున్నాం.

ఇంకోటి. పట్టాలు పీకాక వాటి కింద వేసిన కర్రలు కొన్ని ఊళ్ళోకి వచ్చాయట. ఎలా వచ్చాయని అడగొద్దంది. మా దూడల పాకలో ఒక అడ్డదూలం ఉంది, నల్లగా, కొడితే రాయిలా ఖంగుమంటుంది. దానికి బెజ్జాలున్నాయి. చిన్నప్పుడు ఆ బెజ్జాల్లో గోళీలు దాచుకునేవాణ్ణి. ఇప్పుడు బ్యాటరీ లైటేసి చూశా. ఒక బెజ్జంలో తుప్పు పట్టిన చతురస్రపు మేకు విరిగిపోయి ఇంకా ఉంది.

బెజవాడ_పాసింజరు

స్లీపరు! పొడవు కొలవండి, పొడవు కొలవండి. తొమ్మిదడుగులుంటే బ్రాడ్ గేజి, ఆరడుగులుంటే మీటరు గేజి. పాత లైను ఏ గేజో, అంటే రెండు పట్టాల మధ్య ఎడం ఎంతో, తేలిపోద్ది.

పడమటి_హద్దు

కొలిచా. అయిదడుగుల నాలుగంగుళాలు. రెండు చివర్లా రంపం గుర్తులున్నాయి. పాకకి సరిపడా కోసేశారు.

బెజవాడ_పాసింజరు

ఛ.

కాజా_పాకం

చరిత్రని దూడల పాక సైజుకి కత్తిరించారు.

పర్లాకిమిడి_పొగబండి

మాది టెక్కలి దగ్గర. మీకు రైలొచ్చిన 2004లోనే మాకు రైలు పోయింది. నౌపడా నుంచి పర్లాకిమిడికి రాజావారు వేయించిన చిన్నబండి, రెండున్నర అడుగుల గేజి, 1900లో మొదలైంది. తర్వాత గుణుపురం దాకా వెళ్ళింది. 2004 జూన్‌లో ఆఖరి బండి. పెద్ద లైను వేసి మళ్ళీ నడుపుతున్నారు గానీ, ఆ చిన్నబండి దిగి, పరిగెత్తి, మళ్ళీ ఎక్కగలిగేవాళ్ళం మేం. ఇప్పుడు దిగితే దిగినట్టే.

నల్లమల_గాలి

మా దిక్కు సంగతి ఇంకోటి. నంద్యాల–గిద్దలూరు దారిలో, చలమ, బొగద కాడ పాత మీటరు గేజి లైను అడవిలోనే ఉండిపోయింది. పెద్ద లైను వేసేటప్పుడు దారి మార్చినారు. పాత సొరంగం, దొరబావి వంతెన అన్నీ అట్లే అడవికి వదిలేసినారు. మీకు గుంటల్లో చేపలు, మాకు సొరంగంలో గబ్బిలాలు. ఎవురి అదృష్టం వాళ్ళది.

డాలస్_ద్రాక్షారామం

ఇక్కడ అమెరికాలో పాత రైలు దార్లని సైకిల్ బాటలు చేస్తారు. పట్టాలు తీసేసి, కంకర చదును చేసి, బల్లలు వేస్తారు. మా ఇంటి దగ్గర ఒకటుంది, ఆదివారం పిల్లల్ని తీసుకెళ్తాను. మన దగ్గర కూడా అలా చేస్తే ఎంత బాగుంటుందో. రైలుబస్సు ఎలాగూ నడవడం లేదు కదా.

కుందూరు_గేటు

డాలస్ గారూ, మీరొచ్చి చూడండి ఓసారి. కరోనాతో రైలుబస్సు ఆగినప్పటి నుంచి ప్లాట్‌ఫారం ఖాళీగా ఏం లేదు. దాళ్వా కోతలప్పుడు ధాన్యం ఆరబోస్తారు. మిగతా రోజుల్లో పిడకలు. స్టేషను పేరు రాసిన పసుపు బోర్డుకి గేదెని కడతారు. బల్లలు వేస్తామంటే జనం ఒప్పుకోరు, ధాన్యానికి అడ్డం.

డాలస్_ద్రాక్షారామం

ఊరికే అన్నానండి. చిన్నప్పుడు ఒక్కసారే ఎక్కాను ఆ రైలుబస్సు, శివరాత్రికి కోటిపల్లి స్నానానికి. చెయ్యెత్తితే ఆగేది కదా?

కుందూరు_గేటు

ఈ మాట ఎవరు పుట్టించారో గానీ, చెయ్యెత్తితే ఎప్పుడూ ఆగలేదు. ఆగింది గేటు దగ్గర. మా దగ్గర గేటుకి కాపలా మనిషి ఉండేవాడు కాదు. బండి వచ్చి గేటు ముందు ఆగేది. అందులోంచే ఒకాయన దిగేవాడు, గేటు వేసేవాడు. రోడ్డు మీద ఆటోలు, ట్రాక్టర్లు ఆగిపోయేవి. బండి నెమ్మదిగా గేటు దాటి మళ్ళీ ఆగేది. ఆయన గేటు తీసి, నింపాదిగా నడుచుకుంటూ వచ్చి బండెక్కేవాడు. ఈలోపు కూరగాయల గంపలోళ్ళు, బడిపిల్లలు అందరూ ఎక్కేసేవాళ్ళు. స్టేషను దాకా నడిచేవాడెవడు?

మా నాన్న గేటు పక్కనే బడ్డీకొట్టు నడిపేవాడు. దిగినాయన గేటు వేసి వచ్చి ఒక అరటిపండు తీసుకునేవాడు, గేటు తీసేటప్పుడు డబ్బులిచ్చేవాడు. 45 కిలోమీటర్లకి రెండు గంటల పైన పట్టేదంటే ఊరికే పట్టలేదు.

కరప_కోడలు

మా అత్తగారు ఆ బండిలోనే కాకినాడ కంటాసుపత్రికి వెళ్ళేవారు. బస్సు కుదుపు పడదు ఆవిడకి. ఆలస్యమైతే ఏం, ఒళ్ళు హూనం కాదుగా అనేవారు. బండి ఆగాక ఆవిడ కాకినాడ వెళ్ళడం మానేశారు. ఈ సంగతి ఏ లాభనష్టాల లెక్కలో రాశారో నాకైతే తెలియదు.

లంక_మాస్టారు

లైను చచ్చిపోయినట్టు మాట్లాడతారేంటి అందరూ? కోటిపల్లి–నరసాపురం లైను పడితే ఇదే అసలు దారి అవుతుంది. బాలయోగి గారు లోక్‌సభ స్పీకరుగా ఉన్నప్పుడు 2000-01లో మంజూరైంది. 57 కిలోమీటర్లు. కోటిపల్లి రేవు దగ్గర గౌతమి మీద స్తంభాలు లేచాయి, వెళ్ళి చూడండి. ఆయన 2002లో హెలికాప్టరు ప్రమాదంలో పోకుండా ఉంటే ఈపాటికి మా లంకల్లోంచి రైళ్ళు తిరుగుతుండేవి.

కుందూరు_గేటు

మాస్టారూ, స్తంభాలు నేనూ చూశా. మంజూరైన ఏడాది పుట్టిన పిల్లలకి పెళ్ళిళ్ళు కూడా అవుతున్నాయి.

లంక_మాస్టారు

మూడు నదీ పాయలు దాటాలి బాబూ. గౌతమి, వైనతేయ, వశిష్ట. మూడు వంతెనలు. బోదె మీద తాటిదుంగ వేసినట్టు కాదు.

కోటిపల్లి_రేవు

మాస్టారితో నేనూ ఏకీభవిస్తా, కానీ ఒక భయం. మొదటిసారి రైలు మా రేవు దగ్గరే ఆగిపోయింది, గోదారి దాటలేదు. రెండోసారీ అంతే. అవతల ముక్తేశ్వరం నుంచి పంటు మీద వచ్చినవాళ్ళు, ఒడ్డున ఆటో ఉంటే ఆటోయే ఎక్కుతారు గానీ స్టేషను దాకా నడవరు. నది దాటితే తప్ప ఈ లైను బతకదు. అందుకే స్తంభాల మీద ఆశ పెట్టుకున్నా.

లాయరుగారి_బామ్మర్ది

అసలు పది సెంట్లు ఏమయ్యాయి? కథ మధ్యలో ఆపి అందరూ గోదారి దాటేస్తున్నారు.

పడమటి_హద్దు

పన్నెండు రోజులైంది, క్షమించండి. 2022లో జిల్లాలు విడగొట్టాక మేం కోనసీమ, జిల్లా ఆఫీసు అమలాపురం, పాత కాయితాలేమో కాకినాడలో అన్నారు. అటొకసారి, ఇటొకసారి తిరిగా. మొత్తానికి ఎఫ్.ఎం.బి., అంటే మా సర్వే నంబరు కొలతల పటం, నకలు చేతికొచ్చింది.

118/2 రైల్వే. గొలుసు_లింకు గారూ, మీకో నమస్కారం.

పటంలో మా నంబరు పడమర పక్కన నిలువుగా గీత గీసి చీల్చారు. కొలతలు లింకుల్లో ఉన్నాయి. ఆ ముక్క పొడవు 250, వెడల్పు 40. నాకు అర్థం కాక అక్కడి గుమస్తాని అడిగితే "పది సెంట్లు" అన్నాడు తలెత్తకుండానే.

గొలుసు_లింకు

సరిగ్గా చెప్పాడు. వంద లింకులు ఒక గొలుసు, అంటే 66 అడుగులు. మీది రెండున్నర గొలుసుల పొడవు, 40 లింకుల వెడల్పు, లెక్కేస్తే ఒక చదరపు గొలుసు. చదరపు గొలుసు పది సెంట్లు. ఒక లింకు అటూ ఇటూ కాకుండా కుదిరిందంటే నాకే ఆశ్చర్యంగా ఉంది. మామూలుగా కుదరదు.

మీ గుంట మడి రైల్వేది. దస్తావేజు అసలుదే, కొలత పొరపాటు. తూర్పు గట్టు కదల్లేదు.

పడమటి_హద్దు

అక్కడే వచ్చింది చిక్కు. రెండేళ్ళు ఆయన్ని గట్టు దొంగ అన్నాం. మా అమ్మయితే వాళ్ళింటి పేరంటానికి కూడా వెళ్ళలేదు. ఇప్పుడేం చెయ్యను?

కాజా_పాకం

తాపేశ్వరం కాజాలు రెండు కేజీలు పట్టుకెళ్ళండి. మడత కాజా. మాట పెగలకపోయినా నోరు తీపవుద్ది.

బెజవాడ_పాసింజరు

బావని కూడా వెంట తీసుకెళ్ళండి. దొంగ దస్తావేజు అన్నది ఆయనే కదా.

కరప_కోడలు

అమ్మగారిని తీసుకెళ్ళండి ముందు. మగాళ్ళు గట్టు దగ్గర మాట్లాడుకుంటే సరిపోద్ది గానీ పేరంటం మాట ఆడాళ్ళే తేల్చుకోవాలి.

పడమటి_హద్దు

వెళ్ళొచ్చాం. అమ్మ, నేను, కాజాలు. బావకి ఆ రోజు ఏదో పనుందట.

వీధరుగు మీదే కూర్చుని ఉన్నాడాయన. పటం నకలు చేతికిచ్చా. కళ్ళజోడు లేదు, దూరంగా పట్టుకుని చూశాడు, దగ్గరగా పట్టుకుని చూశాడు. తిప్పి పట్టుకున్నాడని తర్వాత తెలిసింది నాకు. "మాది పొరపాటండి" అన్నా. కాసేపు ఏం అనలేదు. తర్వాత "ఆ గుంట పూడ్చింది మీ తాతా మా నాన్నేరా. మా చెరువు పూడిక మట్టి రెండెడ్ల బండి మీద తోలారు. నేను బండి మీద కూర్చునేవాణ్ణి. రైల్వేవాళ్ళు అడిగితే ఎలాగ అని మా నాన్న అంటే, అడగడానికి ముందు రైలు రావాలి కదా అన్నాడు మీ తాత" అన్నాడు.

ఈ మాట రెండేళ్ళ క్రితం చెప్పొచ్చు కదా అన్నా. "మీరు అడిగితే కదా. గట్టు మీదకొచ్చి కేకలేస్తిరి" అన్నాడు.

అమ్మ లోపలికెళ్ళింది. గంటైనా బయటికి రాలేదు.

వేళంగి_కుర్రోడు

గుంట మడి ఈసారి ఊడుస్తున్నారా మరి?

పడమటి_హద్దు

నాన్న ఊడ్చేద్దాం అంటున్నాడు. రైలు రావాలి కదా అంటున్నాడు.